కార్డు మీద యాభై

నా వీసాలో నా పని ‘హెల్పర్’ అని రాసి ఉంటుంది. ఎవరికి హెల్పరో, దేనికి హెల్పరో రాయలేదు. పదకొండేళ్లుగా నేను చేసే పని మాత్రం పోటీల్లో కాల్చే పిస్టళ్లను విప్పడం, స్ప్రింగులు మార్చడం, పైన గురి చూసే అద్దం బిగించడం, కాల్చేవాళ్ల చేతికి తగ్గట్టు వాటిని దారికి తేవడం. రాస్ అల్ ఖైమా వెళ్లే దారిలో, ఇసుక తప్ప ఇంకేమీ కనబడని చోట ఉంది మా షూటింగ్ క్లబ్బు. అంతకుముందు సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసేవాణ్ని. పోగును అటూ ఇటూ మోసే నాడె ఎక్కడ తట్టుకుంటుందో చప్పుడు విని చెప్పేవాణ్ని. ఆ చెవే నన్నిక్కడ నిలబెట్టింది. వీసా రాసిన వాడికి చెవి కోసం గడి లేదు కాబోలు.

అందుకే నాకు మా వర్క్‌షాపులో ఉండే కార్డులంటే ప్రాణం. క్లబ్బు పిస్టళ్లలో ప్రతిదానికీ ఒక అట్ట కార్డు ఉంటుంది. ఏ భాగం మార్చినా ఆ కార్డు మీద రాయాలి. మార్చాక, పోటీలో ఏ తూటాలు వాడతారో అవే తూటాలు యాభై కాల్చి చూడాలి. అన్నీ పేలితే ‘పరీక్ష: యాభై’ అని రాసి మెకానిక్కు సంతకం పెట్టాలి, పిస్టల్ తీసుకునేవాళ్లు దాని కింద సంతకం పెట్టాలి. పోటీ అయ్యాక ఏదైనా తేడా వస్తే ఏమైందో కాల్చినవాళ్లు చివరి గడిలో రాయాలి. ఈ దేశంలో నా పనికి కింద నా సంతకం ఉండేది ఆ కార్డు మీద ఒక్కచోటే. దాని గురించే ఇదంతా చెబుతున్నాను.

కరోనా కాస్త తగ్గాక, ఆస్పత్రుల్లో పనిచేసిన నర్సులకు మర్యాదగా మా క్లబ్బు ఒకరోజు ఉచితంగా కాల్చుకోనిచ్చింది. బస్సు నిండా వచ్చారు. ఫోటోలు దిగారు, పిస్టల్ పేలగానే కేకలేశారు, కేకు తిని వెళ్లిపోయారు. ఒకామె మాత్రం వెళ్లకుండా నా బల్ల దగ్గరికొచ్చి, ‘‘ఇది లోపల ఎలా ఉంటదండి?’’ అని హిందీలోనే, చివర ‘అండి’ తగిలించి అడిగింది. ఆ ‘అండి’ వినగానే తెలిసిపోయింది గోదావరి వైపు మనిషని.

‘‘తెలుగుల మాట్లాడు చెల్లె, మనది కరీంనగర్ దిక్కు’’ అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. కాకినాడ దగ్గర ఏదో చర్చి వీధి వాళ్లది. షార్జాలో, అల్ నహ్దాలో నలుగురు నర్సులు కలిసి ఒక ఫ్లాటులో ఉంటారట. ఆ రోజు కాల్చిన పది తూటాల్లో తొమ్మిది నల్ల వలయంలోనే పడ్డాయి. జీవితంలో మొదటిసారి పిస్టల్ పట్టుకున్న మనిషి. నేను ఆ టార్గెట్ కాగితం రెండుసార్లు చూశాను.

తర్వాత సెలవు దొరికినప్పుడల్లా కార్‌లిఫ్టులో, అంటే నలుగురైదుగురు డబ్బులు పంచుకుని ఎక్కే కారులో, గంట ప్రయాణం చేసి వచ్చేది. సొంత పిస్టల్ లేనివాళ్లు క్లబ్బు పిస్టలుతో కాల్చాలి. ఆమెకు పదకొండో నంబరు ఇచ్చారు. ఎవరూ ముట్టని పాతది, ట్రిగ్గర్ రాయిలా ఉండేది. నేను దాన్ని రెండు చలికాలాలు చెక్కాను.

మొదటి గొడవ ఎర్రచుక్కతో వచ్చింది. పిస్టల్ మీద చిన్న అద్దం బిగిస్తాం, అందులో ఒక ఎర్రచుక్క కనబడుతుంది. చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికి పోతుంది. ఆమె ఒకటి కాల్చగానే చుక్క మాయమయ్యేది.

‘‘చుక్క పారిపోతందండి అన్నయ్యా. వెతుక్కునేసరికి టైమైపోతంది.’’

ఆడమనిషి మణికట్టులో బలం లేదని కోచ్ తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. రోగిని మంచం మీద నుంచి ఒంటిచేత్తో లేపే మణికట్టు అది. నేను ఆమె పక్కన నిలబడి చేతిని చూడలేదు, చప్పుడు విన్నాను. పైన వెనక్కి జరిగే స్లైడు, తిరిగి ముందుకొచ్చేటప్పుడు మరీ దబ్బుమని కొట్టుకుంటోంది. దాన్ని తోసే స్ప్రింగు ఆ తూటాల బలానికి మరీ గట్టిది. అందుకే మూతి కిందికి వంగి చుక్క దిగిపోతోంది. మూడు సెలవుల్లో మూడు స్ప్రింగులు మార్చాం. మూడోది వేశాక ఆమె ఐదు వరసగా కాల్చి, పిస్టల్ దించి, నా వైపు చూసి నవ్వింది.

‘‘కూర్చుందండి చుక్క.’’

అద్దం బిగించే మర తలమీద నుంచి పక్కన లోహం మీదికి తెల్ల రంగుతో సన్నగా ఒక గీత గీస్తాను. మర వదులైతే గీత విరిగి కనబడుతుంది. అది చూసి ఆమె ఎంత సంబరపడిందో. వాళ్లూ కట్టు కట్టినప్పుడు ప్లాస్టరు మీద టైము రాస్తారట. నా పని అర్థమైన మనిషి పదకొండేళ్లలో ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ‘ఏ స్ప్రింగు వేశావు’ అని అడగరు, ‘అయిందా’ అని అడుగుతారు.

చివరికి ట్రిగ్గర్ మిగిలింది. వెనక ఉండే చిన్న సుత్తి లాంటి భాగం వచ్చి తూటా అడుగున కొడితేనే అది పేలుతుంది. ఆ సుత్తిని తోసే స్ప్రింగు మెత్తబడేకొద్దీ ట్రిగ్గర్ తేలికవుతుంది. మరీ మెత్తబడితే దెబ్బ చాలక తూటా పేలదు. ఈ రెండింటి మధ్య ఉన్న వెంట్రుకవాసి చోటును పట్టుకోవడమే మా పనితనం. పట్టుకున్నాను కూడా. పదకొండో నంబరు ట్రిగ్గర్ నొక్కితే వెన్నలో వేలు దిగినట్టుండేది. ఖరీదైన పిస్టళ్లు ఉన్న మెంబర్లు కూడా దాన్ని అడిగి పట్టుకుని చూసి, ‘ఇది మన వర్క్‌షాపులో చేసిందా’ అని ముదీర్‌ను, అంటే మా మేనేజరును, అడిగేవాళ్లు. ఆ మాట నా నెత్తికెక్కింది. ఎక్కిందని అప్పుడు తెలియలేదు.

ఆ ఏడాది చలికాలం క్లబ్బు జట్టులో నాలుగో చోటు ఖాళీ అయింది. మొదటి ముగ్గురూ పాతవాళ్లే. నాలుగోదానికి సెలెక్షన్ పెట్టారు. వరసగా నిలబెట్టిన ఇనుప పలకల్ని ఎవరు తక్కువ టైములో పడగొడితే వాళ్లది ఆ చోటు. ఆమె పేరిచ్చింది. నైట్ డ్యూటీలు మార్చుకుని, తోటివాళ్ల ఆదివారాలు తాను చేసి, సెలవులు కూడబెట్టుకుంది.

‘‘అంత పట్టుదల దేనికి చెల్లె?’’ అని ఒకసారి అడిగాను.

‘‘వార్డులో మనిషి లేచి నడిస్తే డాక్టరుగారి గొప్పండి. పోతే ప్రభువు చిత్తం. నాదంటూ ఏముందండి అందులో? ఇక్కడ పలక పడిందంటే నేను కొడితే పడినట్టే కదా. అది ఒక్కటన్నా నాది అనిపించుకోవాలనుందండి’’ అంది.

ఆ మాట నాకు తగిలింది. నాదీ అదే కథ. వీసా మీద హెల్పర్, కార్డు మీద సంతకం.

సెలెక్షన్‌కు రెండు రోజుల ముందు తూటాలు మారాయి. రోజూ వాడే పసుపుపచ్చ ఇత్తడి తూటాలు అయిపోయాయి, కొత్త సరుకు ఓడ దిగలేదు. ముదీర్ ఎక్కడినుంచో వేరే కంపెనీవి తెప్పించాడు. ఇవి తెల్లగా, వెండిలా మెరుస్తున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని అడుగు చూశాను. సుత్తి దెబ్బ తినే చిన్న మూత గట్టి రకంలా అనిపించింది. నా మెత్తటి స్ప్రింగుకు ఇది సరిపడకపోవచ్చని ఆ క్షణంలోనే మనసులో ఒక ముల్లు కదిలింది.

ముదీర్ దగ్గరికి వెళ్లి, యాభై కావాలి పరీక్షకు అన్నాను. ఆయన పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

‘‘యాభై కహాఁ సే లావూఁ? పది తీసుకో. పేలితే అన్నీ పేలినట్టే. యల్లా, కార్డు పూర్తి చెయ్, ఖలాస్.’’

పది తెచ్చుకున్నాను. వర్క్‌షాపు వెనక ఇసుక గుంటలోకి పదీ కాల్చాను. పదీ పేలాయి. పేలాక మిగిలిన ఖాళీ తొడుగుల్ని, కేసులంటాం వాటిని, బకెట్లో పారేశాను. అప్పుడు నేను చేయాల్సిన పని ఒకటే ఉంది. పాత గట్టి స్ప్రింగు డ్రాయరులోనే ఉంది, తీసి వేస్తే పది నిమిషాల పని. ట్రిగ్గర్ కాస్త బరువవుతుంది, అంతే. అది చెయ్యకపోతే కార్డు మీద పది అనైనా రాయాలి. నేను రెండూ చెయ్యలేదు. పది రాస్తే ముదీర్ కార్డు నా మొహాన కొడతాడు. గట్టి స్ప్రింగు వేస్తే, నేను రెండు చలికాలాలు కూర్చుని తీసిన ఆ వెన్న లాంటి ట్రిగ్గర్, అందరూ చూసే రోజునే మామూలు ట్రిగ్గర్ అయిపోతుంది. ఇందులో ముదీర్ భయం పావు వంతు. మిగతాదంతా నా పొగరు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ లెక్క తేడా రాలేదు. ‘పరీక్ష: యాభై’ అని రాసి సంతకం పెట్టాను.

సెలెక్షన్ రోజు పొద్దున్నే ఆమె వచ్చింది. బల్ల మీద కొత్త తూటాలు చూసింది.

‘‘తూటాలు మారాయేంటండి?’’

‘‘మారినయ్. ఏం గాదు.’’

ఆమె కార్డు తీసుకుని చదివింది. పైకి చదివింది, మందు సీసా మీద రాసింది చదివినట్టు, ఒక్కో మాటా. చదివి, సంతకం పెట్టకుండా పెన్ను పట్టుకుని నిలబడింది.

‘‘అన్నయ్యా, తప్పుగా అనుకోకండి. మా వార్డులో పెద్ద మందు ఏదైనా ఇచ్చేముందు ఇద్దరం చూస్తాం అండి. ఒకరు చదువుతారు, ఒకరు చూస్తారు. వాడేసిన ఖాళీ సీసాలు కూడా పారెయ్యం, దాచి లెక్క చూపిస్తాం. అలవాటైపోయింది. ఈ యాభై కేసులూ ఒక్కసారి చూద్దామా అండి, ఇద్దరం కలిసి?’’

నా తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పాలంటే, తప్పు పట్టుబడుతుందని భయం వేసింది. భయం నా నోట్లోంచి ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది, మా ఇంట్లోవాళ్లను అడిగితే చెబుతారు.

‘‘ఏంది చెల్లె, నా మీద నమ్మకం లేదా? రెండేండ్ల సంది నీ పిస్టల్ నేనే చేస్తున్న గద. నీ దవఖాన లెక్క గాదిది. నేను సంతకం పెట్టిన అంటే పెట్టిన. నీకు నమ్మకం లేకుంటే వేరే పిస్టల్ తీస్కో, పో.’’

పక్కన ఇద్దరు మెంబర్లు తలలు తిప్పి చూశారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

‘‘అయ్యో, అదేం మాటండి. నమ్మకం లేక కాదండి’’ అంది.

నేను టీ తాగడానికి బయటికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఆమె లేదు. కార్డు మీద నా సంతకం కింద ఆమె సంతకం ఉంది.

ఆ తర్వాత జరిగింది రెండు నిమిషాల పని కూడా కాదు. ఒక్కొక్కరికి నాలుగు రౌండ్లు. మొదటి రెండు రౌండ్లలో ఆమె అందరికన్నా ముందుంది. చుక్క ఎక్కడికీ పోలేదు, పలకలు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. మూడో రౌండులో మూడో పలక దగ్గర ‘టక్’ అంది. పేలే చప్పుడు కాదు. వట్టి సుత్తి చప్పుడు. వంద గజాల అవతల నిలబడ్డా ఆ చప్పుడు నాకు తెలుస్తుంది, నేను చేసిందే కదా. ఆమె కంగారు పడలేదు. అడుగున తట్టి, స్లైడు లాగి, పేలని తూటాను పడేసి మళ్లీ కాల్చింది. నాలుగో రౌండులో ఇంకో రెండుసార్లు ‘టక్, టక్’. అంతే. ఆమె మూడో స్థానానికి పడిపోయింది. మామూలు కంపెనీ స్ప్రింగుతో, మామూలు పిస్టలుతో కాల్చిన ఒక మెంబరుకు ఆ చోటు దక్కింది.

ముదీర్ కార్డు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది. మూడు తూటాలు పేలకపోవడం మెంబర్లందరూ చూశారు, ఇక ఎవడో ఒకడి మీద పెట్టాలి. పది ఇచ్చింది తానే అన్నది ఆయనకు గుర్తున్నా గుర్తులేదు.

‘‘యాభై టెస్ట్ చేశానని రాశావు. సంతకం నీదే. మరి ఎందుకు పేలలేదు? బోలో.’’

యాభై కాల్చానంటే పిస్టల్ పాడుచేసినవాణ్ని, పదే కాల్చానంటే దొంగ సంతకం పెట్టినవాణ్ని. ఎటు చూసినా ఉద్యోగం పోయి ఇంటికి టికెట్టే. అప్పుడు ఆమె వచ్చింది. పద్ధతి ప్రకారం మ్యాగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి, లోపల ఖాళీ అని నాకు చూపించి పిస్టల్ బల్ల మీద పెట్టింది. ముదీర్ చేతిలోంచి కార్డు మెల్లగా తీసుకుని చివరి గడిలో ఇంగ్లిషులో రాసింది. లోడ్ చేయడంలో పొరపాటు, నాదే, అని. కింద సంతకం.

ముదీర్‌కు కావలసింది అదే. పిస్టల్ మంచిదే, మనిషే సరిగా లోడ్ చెయ్యలేదు అని అందరికీ చెప్పుకోవచ్చు. పిస్టల్ వాడకంలో పొరపాటు చేసినవాళ్లు ఆ సీజను పోటీల్లో కాల్చకూడదు, మొదటినుంచి సేఫ్టీ క్లాసు చెయ్యాలి. క్లబ్బు నియమం అది. అక్కడికక్కడే పోటీల లిస్టులోంచి ఆమె పేరు కొట్టేశాడు. నేను బల్ల ఇవతల నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు.

గేటు దగ్గర కార్‌లిఫ్టు కోసం నిలబడి ఉంటే వెళ్లాను.

‘‘ఎందుకు రాసినవ్ చెల్లె గట్ల?’’

‘‘మీకీ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారండి? నాకు హాస్పిటల్ ఉంది కదా’’ అంది. నా కళ్లలోకి చూసి అడిగింది. ‘‘అన్నయ్యా, యాభై కాల్చారు కదండీ?’’

నాకు ఇంకో అవకాశం ఇచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. పక్కన ఎవరూ లేరు, ముదీర్ లేడు, కార్డు లేదు. ఒప్పుకుంటే పోయేది నా పరువు తప్ప ఇంకేం లేదు.

‘‘కాల్చిన’’ అన్నాను.

‘‘సరేనండి’’ అని కారెక్కింది. మళ్లీ రాలేదు. సేఫ్టీ క్లాసుకు రాలేదు, ఆ తర్వాతి సీజనుకూ రాలేదు. నేను ఫోన్ చెయ్యలేదు. చేసి ఏం చెప్పాలి? ఆ సాయంత్రమే పదకొండో నంబరుకు గట్టి స్ప్రింగు వేశాను. మంచి మెకానిక్కునని ఇప్పటికీ అందరూ అంటారు.

పోయిన ఏడాది ఒక పిస్టల్ స్లైడు అంచుకు అరచెయ్యి తెగింది. క్లబ్బు బండిలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. కుట్లు వేశాక ఇంజెక్షన్ ఇవ్వడానికి ఒక నర్సు ట్రే పట్టుకుని తెర వెనక నుంచి వచ్చింది. ఆమే. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది, అంతే.

‘‘పేరు చెప్పండి’’ అంది.

‘‘నన్ను ఎరుగవా చెల్లె?’’

‘‘ఎరిగినా అడగాలండి. పూర్తి పేరు, పుట్టిన తేదీ.’’

చెప్పాను. ఇంకో నర్సును పిలిచింది. ఒకరు సీసా మీద ఉన్నది పైకి చదివారు, ఇంకొకరు వేలు పెట్టి చూశారు. ఆ రెండో ఆమె వెళ్లిపోయింది. అప్పటికి నాకు తట్టుకోవడం కాలేదు.

‘‘పదే కాల్చిన చెల్లె ఆ దినం. యాభై గాదు. పది.’’

ఆమె నా చొక్కా చెయ్యి పైకి మడుస్తోంది. మడవడం ఆపలేదు.

‘‘తెలుసండి. మీరు టీకి వెళ్లినప్పుడు బకెట్లో చూశాను. పచ్చవి బోలెడున్నాయి. తెల్లవి పదే ఉన్నాయి.’’

పోటీకి ముందే. సంతకం పెట్టకముందే.

‘‘ఎరుకై గూడ ఎందుకు సంతకం పెట్టినవ్?’’

‘‘నమ్మకం లేదా అన్నారు కదండీ’’ అంది. ‘‘చెయ్యి వదులుగా పెట్టండి. బిగబడితే నొప్పెక్కువ.’’

సూది దిగింది. దూది అదిమి, దాని మీద ప్లాస్టరు వేసి, ప్లాస్టరు మీద పెన్నుతో టైము రాసింది. అప్పుడు ట్రేలోంచి ఖాళీ సీసా తీసి, నాకు కనబడేలా పైకెత్తి చూపించి వెళ్లిపోయింది.

మర్నాడు వర్క్‌షాపులో పదకొండో నంబరు కార్డు తీశాను. చివరి గడిలో ఆమె రాసింది అలాగే ఉంది. పైన నా సంతకం. పెన్ను మూత తీశాను. ముదీర్ లోపలికి వచ్చి, ‘‘క్యా దేఖ్ రహా హై?’’ అన్నాడు.

‘‘కుఛ్ నహీ’’ అని కార్డు లోపల పెట్టేశాను. ఇవాళ్టికీ దాని మీద యాభై అనే ఉంది.